గూడబాతు మెడకు చుట్టిన లెక్క

కొల్లేరు చుట్టుపక్కల నలుగురు చేపల రైతులు కూడిన చోట ఒక గుణకారం తప్పకుండా వినపడుతుంది. గూడబాతు రోజుకు కేజీ చేప తింటుంది. 5,000 బాతులుంటే రోజుకు 5 టన్నులు, ఏడాదికి 1,800 టన్నుల పైమాటే. కేజీ 100 రూపాయలు వేసుకున్నా 18 కోట్లు. ఇంకా నీటికాకుల్ని కలపలేదు, కొంగల్ని కలపలేదు అంటూ ఆ అంకె పెరుగుతూ పోతుంది. అది విన్నాక ఎవరికైనా కడుపు మండుతుంది. లీజు ముందే కట్టి, మేతకు అప్పు తెచ్చినవాడికి మరీ మండుతుంది. అక్కణ్ణించి పుట్టే డిమాండ్లు అందరికీ తెలిసినవే. పక్షుల్ని తగ్గించాలి, గూళ్ళు కట్టనివ్వకూడదు, కాల్చడానికి అనుమతివ్వాలి, అభయారణ్యం హద్దు కుదించాలి. అనుమతి కోసం ఆగనివాళ్ళు టపాసులు పేలుస్తారు, నీటి మీద నైలాన్ దారాలు కడతారు. మరీ తెగించినవాళ్ళు విషానికి కూడా వెనకాడరు.

ఈ లెక్కలో గుణకారం తప్పు కాదు. 5,000 బాతులు తలా కేజీ తింటే 5 టన్నులే. ఆ 5 టన్నులూ ఐస్ పెట్టెల్లో పడి హౌరా లారీ ఎక్కాల్సిన చేపలే అనుకోవడం దగ్గర తప్పు మొదలవుతుంది. పక్షి ముక్కుకు అందిన ప్రతి చేపా రైతు జేబులోంచి పోయిందేనని మనం అడక్కుండానే ఒప్పేసుకుంటున్నాం. అధికారులు ఒప్పుకుంటున్నారు, పత్రికలు ఒప్పుకుంటున్నాయి, పక్షుల్ని ప్రేమించేవాళ్ళు కూడా "పాపం, అవి మాత్రం ఏం తింటాయి" అంటూ అదే లెక్కకు తల ఊపుతున్నారు. జాలి మాటల వల్ల పక్షికి ఒరిగేదేమీ లేదు. లెక్కే తప్పని చెప్పాలి.

ముందు తిన్నది ఏ చేపో చూద్దాం. వేలెడంత పిల్లను తెచ్చి నేరుగా పెద్ద చెరువులో వదిలే పద్ధతి మన దగ్గర వెనకబడిపోయి చాలా కాలమైంది. పిల్లను చిన్న చెరువుల్లో ఒత్తుగా పెట్టి, ఎదుగుదల ఆపి, ఏడాది వయసు వచ్చాక 100 గ్రాముల నుంచి పావుకేజీ దాకా తూగే శీలావతినీ బొచ్చెనూ పెద్ద చెరువులోకి దింపుతారు. ఆకలి మీదున్న ఆ పిల్ల పెద్ద నీళ్ళలో పడగానే ఎగబడి పెరుగుతుంది. ఆంధ్ర చేపల రైతు పట్టిన గొప్ప కిటుకు ఇది. మరి మన చెరువుల మీద నల్లగా గుంపులు కట్టే చిన్న నీటికాకి ఒళ్ళంతా కలిపి అరకేజీకి అటూఇటూ. తన బరువులో సగముండే శీలావతిని అది మింగే ప్రసక్తే లేదు. గుడ్డికొంగకూ చిన్న తెల్లకొంగకూ నడి చెరువులో నిలబడేంత కాళ్ళు లేవు, వాటి సంసారమంతా గట్టు వారనే.

అయినా నీటికాకి మునుగుతూనే ఉంది, ఏదో ఒకటి మింగుతూనే ఉంది. తూము గుండా వచ్చినవీ, వరదకు ఎక్కినవీ, కొన్న పిల్లలో కలిసి వచ్చినవీ ప్రతి చెరువులోనూ ఉంటాయి: చేదుపరిగెలు, తిలాపియా పిల్లలు, చెప్పుకోడానికి పేరు కూడా లేని వెండిపొలుసు చిరుచేపలు. రైతు వీటిని కలుపు అంటాడు. శీలావతికి పెట్టిన తౌడును ఇవి తింటాయి, తెల్లవారుజామున అసలే చాలని ఆక్సిజన్‌ను ఇవి పంచుకుంటాయి. చెరువు పూర్తిగా ఎండగట్టడం కుదరనప్పుడు వీటిని చంపడానికే ఇప్పచెక్క చల్లుతారు, అదీ ఎకరానికి దాదాపు టన్ను చొప్పున. డబ్బు పోసి చంపే చేపను పక్షి ఊరికే తినిపెడితే దాన్ని నష్టం పద్దులో ఎలా రాస్తాం?

గూడబాతు సంగతి వేరు. నాలుగైదు కేజీల పక్షి, ముక్కు కింద అంత సంచి, దానికి పావుకేజీ చేప ఒక లెక్క కాదు. కానీ అది నీటికాకిలా మునిగి వెంటాడదు. తేలుతూ, తల ముంచి, మెడ అందినంత మేర పైనీళ్ళలోనే పట్టుకుంటుంది. ఐదారు అడుగుల లోతున్న చెరువులో ఆరోగ్యంగా అడుగున తిరిగే మోసు చేపను పట్టడం దానికి చాలా కష్టం. చేప దానికి సులువుగా చిక్కే వేళలు వేరే ఉన్నాయి. మబ్బు పట్టిన రాత్రి గడిచి, నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయి, చేపలన్నీ పైకి తేలి నోళ్ళు తెరిచే వేళ. పేను పట్టి, ఒళ్ళు పుండ్లై, చేప గట్టుకు చేరే వేళ. పట్టుబడికి నీళ్ళు తోడి చెరువును మోకాలి లోతుకు తెచ్చిన వేళ. అలాంటి పొద్దున చెరువు మీద వంద బాతులు వాలితే రైతు కంటికి బాతులే ఆనతాయి. రాత్రి రెండు గంటలప్పుడు ఆ నీళ్ళలో ఏం జరిగిందో కంటికి ఆనదు. పొద్దున తేలిన చచ్చిన చేపల్ని కూడా కొంత పక్షి ఖాతాలోనే వేసేస్తాం.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. పక్షి తిన్న చేప, పక్షి తినకపోతే బతికి ఉండేదా? జబ్బుతో తేలిన చేప ఎలాగూ పోయేదే. అది నీళ్ళలోనే కుళ్ళితే పక్క చేపలకు కూడా అంటిస్తుంది. పిల్లలు ఒత్తుగా ఉన్న చెరువులో కొన్ని పోతే మిగిలినవాటికి మేతా, ఊపిరీ కాస్త ఎక్కువ దొరికి బరువు తూగుతాయి. పూర్తిగా సరిపోతుందని అనను, కొంత మాత్రం పూడుతుంది. అందుకే "తిన్న కేజీలు" వేరు, "తగ్గిన పట్టుబడి" వేరు. మొదటిది పక్షిని చూసి ఊహించొచ్చు. రెండోది చెరువును కొలిస్తేనే తెలుస్తుంది. మన ఊళ్ళలో ఇప్పటిదాకా గట్టిగా వినపడుతున్నది మొదటిదే.

ఈ లెక్కను అమెరికా ప్రభుత్వం తుపాకీ పట్టుకుని మరీ పరీక్షించింది. కొలంబియా నది సముద్రంలో కలిసే చోట ఈస్ట్ శాండ్ అనే చిన్న దీవి ఉంది. దాని మీద ఒకప్పుడు 13,000 జంటలకు పైగా నీటికాకులు గూళ్ళు కట్టేవి. సముద్రానికి పోయే సాల్మన్ పిల్లల్ని అవి ఏటా లక్షల్లో తింటున్నాయని లెక్క తేల్చి, నది మీద ఆనకట్టలు నడిపే ఆర్మీ ఇంజనీర్ల విభాగం 2015లో కాల్పులు మొదలుపెట్టింది. 2018 నాటికి కాలనీని 5,600 జంటలకు దించాలన్నది లక్ష్యం. రెండేళ్ళలో 5,000 పైగా పక్షుల్ని చంపారు, వేల గూళ్ళలో గుడ్ల మీద నూనె పూసి పొదగకుండా చేశారు. 2016 మే నెలలో ఆ కాలనీ ఉన్నట్టుండి దీవిని ఖాళీ చేసి లేచిపోయింది. పథకం పెట్టినవాళ్ళకు అది విజయంలాగే కనిపించి ఉండాలి. కానీ ఆ పక్షులు చచ్చిపోలేదు. వేల జంటలు నదిలో ఎగువకు వెళ్ళి ఆస్టోరియా దగ్గరి పెద్ద వంతెన ఇనుప దూలాల మీద కాపురం పెట్టాయి. నది మొగలో ఉన్నప్పుడు వాటి ముందు సముద్రపు చేపలు కూడా ఉండేవి, సాల్మన్ పిల్ల వాటిలో ఒక వంతు. ఎగువన ఆ కలగలుపు లేదు. దాంతో ఒక్కో పక్షి తినే సాల్మన్ వంతు పెరిగింది. రెట్టలతో వంతెనకు తుప్పు సమస్య అదనం.

దీనికన్నా ఘోరం ఈ కాల్పుల మీద నడిచిన కోర్టు కేసులో బయటపడింది. నీటికాకుల్ని చంపినా, పెరిగి తిరిగొచ్చే పెద్ద చేపల సంఖ్యలో లాభం కనిపించదని ఆ దేశపు మత్స్య, వన్యప్రాణి శాఖ సొంత శాస్త్రవేత్తలే ముందుగా విశ్లేషించి చెప్పారు. పక్షి వదిలేసిన పిల్లను మరొకటి తినేస్తుంది, లేదా అది మరో కారణంతో పోతుంది. ఆ విశ్లేషణను పక్కన పెట్టి కాల్పులకు దిగారు. 2016లో ఫెడరల్ న్యాయమూర్తి, ఇతర మార్గాల్ని సరిగా పరిశీలించలేదని ఆ విభాగాన్ని తప్పుపట్టారు, కాల్పుల్ని మాత్రం ఆపలేదు. సాల్మన్‌కు అసలు దెబ్బ కొట్టిన ఆనకట్టలు నడిపేది ఎవరో పైన చెప్పాను.

ఆ నదిలోనే అంతకుముందు తుపాకీ లేకుండా పని జరిగిన సంగతి ఎవరూ గుర్తు చెయ్యరు. కాస్పియన్ టెర్న్ అనే మరో చేపలు తినే పక్షి ఎగువనున్న రైస్ దీవి మీద గుడ్లు పెట్టేది. 1999 నుంచి 2001 మధ్య ఆ కాలనీని మెల్లగా సముద్రం దగ్గరికి, అదే ఈస్ట్ శాండ్‌కు, జరిపారు. ఇక్కడ ఇసుక పరిచి చోటు చూపించారు, అక్కడ చోటు లేకుండా చేశారు. సముద్రపు చేప దగ్గరయ్యేసరికి వాటి తిండిలో సాల్మన్ వాటా సగానికి పైగా పడిపోయింది. పక్షి సంఖ్యకన్నా పక్షి ఎక్కడ తింటుందన్నది ముఖ్యమని అప్పుడే తేలిపోయింది. పదిహేనేళ్ళు తిరక్కుండానే ఆ పాఠం మరిచారు.

యూరప్‌లోనూ ఇదే కథ. ఫ్రాన్స్‌లో ఏటా పదుల వేల నీటికాకుల్ని చట్టబద్ధంగా కాల్చడానికి అనుమతులిచ్చారు. చలికాలంలో ఉత్తరం నుంచి కొత్త పక్షులు దిగుతూ ఉంటే ఖాళీ అయిన మడుగు ఎంతసేపు ఖాళీగా ఉంటుంది? మన చెరువు గట్ల మీద జరిగేది దాని చిన్న నమూనా. టపాసు పేలిస్తే పక్షి లేచి పక్కవాడి చెరువులో వాలుతుంది. పక్కవాడు పేలిస్తే మన చెరువుకు వస్తుంది. వారం తిరిగేసరికి చప్పుడుకు అలవాటు పడుతుంది. పైగా ఎగిరి ఎగిరి అలిసిన పక్షికి ఆకలి ఎక్కువే అవుతుంది.

ఇప్పుడు కొల్లేరులో చేప ఎందుకు తగ్గిందో మాట్లాడదాం. చెరువు చేప కాదు, సరస్సు చేప. లంకల్లోని వడ్డి కులస్తులు మావులు వేసి, దడికట్లు కట్టి పట్టుకున్న కొరమేను, మార్పు, ఇంగిలాయి, గొరక, వాలుగ. ఇవి తగ్గిపోయాయనే బాధ కూడా గూడబాతు ఖాతాలోనే పడుతోంది కాబట్టి చెప్పాలి.

1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి పరిశీలకుడు, మలయాళీ పాఠకులకు ఇందుచూడన్‌గా తెలిసినాయన, తాడేపల్లిగూడెం దగ్గర ఆరేడు అనే ఊళ్ళో గూడబాతుల పెద్ద కాలనీని చూసి లోకానికి చెప్పాడు. ఊరి చెట్ల మీదే గూళ్ళు. అప్పటికి కొల్లేరులో ఈ చేపల చెరువుల్లేవు. గూడబాతులు అన్ని ఉండగానే వడ్డివాళ్ళ మావులూ నిండేవి. 1970ల నడిమికి ఆ కాలనీ ఖాళీ అయిపోయింది. అంటే సరస్సు దెబ్బతింటున్న రోజుల్లోనే గూడబాతు కూడా వెళ్ళిపోయింది. ఆ దశకంలోనే ప్రభుత్వం సహకార సంఘాల పేరిట సరస్సు లోపల చెరువులు తవ్వించింది. సంఘాలవి మెల్లగా పెట్టుబడిదారుల చేతికి పోయాయి. గట్టుకు గట్టు తగిలి సరస్సు గదులు గదులైంది. వరదకు ఎదురెక్కి గుడ్లు పెట్టాల్సిన చేపకు దారి లేదు. బుడమేరు, తమ్మిలేరు ఊళ్ళ మురుగునూ, కార్ఖానాల వ్యర్థాలనూ తెచ్చి ఇందులో పోస్తున్నాయి. ఉన్న ఒక్క బయటి దారి ఉప్పుటేరు, అది పూడింది. వేసవిలో సముద్రం వైపు నుంచి ఉప్పునీరు పైకి ఎక్కుతోంది. మిగిలిన చోట గుర్రపుడెక్క. చెరువు ఎండిపోతోందని చేపల్ని నమ్మించి ఒక్కొక్కటిగా తినేసిన కొంగ కథ మనందరం చిన్నప్పుడు విన్నాం. కథలో కొంగ చెప్పింది అబద్ధం. కొల్లేరులో సరస్సు నిజంగానే కుంచించుకుపోయింది, అందులో కొంగ చెయ్యేమీ లేదు.

1999లో ప్లస్ 5 అడుగుల కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ జాబితాలో చేరింది. 2006లో సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ జోక్యంతో ఆపరేషన్ కొల్లేరు పేరిట గట్లు పగలగొట్టారు. రెండేళ్ళకే, 2008లో, హద్దును ప్లస్ 3కు దించాలని శాసనసభ తీర్మానం చేసింది. పగిలిన గట్లు చాలాచోట్ల మళ్ళీ లేచాయి. ఈ నేపథ్యం తెలియకుండా పక్షుల నష్టం గురించి మాట్లాడటం కుదరదు. నష్టం జాబితాలో చెప్పే చెరువుల్లో కొన్ని అభయారణ్యం లోపల, చట్టం ప్రకారం ఉండకూడని చోట ఉన్నాయి. పక్షి ఇంట్లో చెరువు తవ్వుకుని, పక్షి వచ్చి తింటోందని కేసు పెడుతున్నాం. హద్దు కుదించమనే వాదనకు ఈ 18 కోట్ల లెక్క ఎంత చక్కగా అమరుతుందో చూశాక, ఆ లెక్కను అంత శ్రద్ధగా ఎవరు ఎందుకు మోస్తున్నారనే అనుమానం నాకు వస్తుంది. చిన్న రైతు మాత్రం కాదు.

ఆ లెక్కను అక్షరాలా నిజమనుకున్నా ఏం తేలుతుందో చూడండి. 1,800 టన్నులంటే, బాగా పండే చెరువుల్లో ఎకరానికి మూడున్నర టన్నుల చొప్పున, ఐదు వందల ఎకరాల చిల్లర పట్టుబడి. గూడబాతు తిన్నదంతా పెంచిన చేపే, ఒక్క కలుపు చేప కూడా లేదు, ఒక్క జబ్బు చేప కూడా లేదు అనుకుంటే వచ్చే అంకె ఇది. కొల్లేరు చుట్టూ చెరువులు వేల వేల ఎకరాలు. ఈ రాష్ట్రం ఏటా 50 లక్షల టన్నుల చేపలూ రొయ్యలూ తీస్తోందని ప్రభుత్వమే గర్వంగా చెబుతోంది. మేత ధర, పిల్ల నాణ్యత, పేనుకు కొట్టే మందులు, దళారీ కమీషన్, మార్కెట్లో ఒక్క వారం ధర పడిపోవడం: వీటిలో ఏ ఒక్కటైనా రైతుకు అంతకన్నా ఎక్కువే కోస్తుంది. వాటి మీద మాత్రం తుపాకీ ఎక్కుపెట్టమని ఎవరూ తీర్మానం చెయ్యరు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే.

అలాగని నష్టమే లేదనడం నా ఉద్దేశం కాదు. ఆ ఐదు వందల ఎకరాలు కొల్లేరంతా సమానంగా పంచుకుంటే ఎవరికీ తెలియదు. అలా జరగదు. కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ అక్టోబరు నుంచి మార్చి దాకా పిల్లల్ని పెంచుతాయి, అటవీశాఖ వాటికోసం నీళ్ళలో ఇనుప స్టాండ్లు కూడా నిలిపింది. ఆ దాపుల్లో చెరువున్నవాడి మీద పడే భారం, పది కిలోమీటర్ల అవతలివాడి మీద పడేది ఒకటి కాదు. ఇక పిల్లల చెరువు మీద నీటికాకుల గుంపు పడితే అది నిజమైన దెబ్బే. వేలెడు పిల్ల దాని నోటికి కొలిచి చేసినట్టుంటుంది. కొన్ని పురుగులు పక్షి పేగుల్లో పెరిగి, రెట్టతో నీళ్ళలోకి వచ్చి, చేపకు పడతాయన్నదీ నిజమే. వనామీ రొయ్యల చెరువుల సంగతి ఇంకా వేరు. అక్కడ ఒక చెరువులో చచ్చిన రొయ్యను ఎత్తుకెళ్ళి మరో చెరువులో పడేసే పక్షి వైరస్‌ను మోస్తుంది, కాబట్టి పైన దారాలు కట్టమనడంలో అర్థముంది. ఈ నిజాల్లో ఏ ఒక్కటీ కాల్చమని చెప్పడం లేదు. ప్రతిదీ ఫలానా చోట, ఫలానా నెలల్లో, ఫలానా సైజు చేపను కాపాడుకోమనే చెబుతోంది.

పిల్లల చెరువులు మొత్తం విస్తీర్ణంలో చిన్న భాగం. వాటి మీద వల కప్పడం సాధ్యమే. పెద్ద చెరువు మీద కప్పడం సాధ్యమూ కాదు, ఏడాది పిల్లను వేసేవాడికి అంత అవసరమూ లేదు. వల కళ్ళు చిన్నవిగా, బిగుతుగా ఉంటే పక్షి చిక్కి చావదు. వదులుగా వేలాడే నైలాన్ దారమే చంపుతుంది. ఆటపాక దాపుల్లో ఉన్నవాళ్ళు పిల్లను మార్చి దాటాక దింపుకోవడమో, ఇంకాస్త పెద్ద సైజులో దింపుకోవడమో చెయ్యొచ్చు. ఇజ్రాయెల్‌లో చేపల చెరువుల వాళ్ళకు ఏటా వేల సంఖ్యలో వలస గూడబాతులతో ఇదే తలనొప్పి. అక్కడ కొన్ని జలాశయాల్లో ప్రభుత్వ డబ్బుతో అమ్మకానికి పనికిరాని చేపల్ని వదిలి, బాతుల్ని అటు తిప్పుకుంటున్నారు. మేపిన కొద్దీ ఎక్కువ వస్తాయన్న వాదన అక్కడా ఉంది, కొట్టిపారేయదగ్గది కాదు. అందుకే నా ఓటు చేపల్ని లారీలో తెచ్చి పొయ్యడానికి కాదు. అభయారణ్యం లోపల గట్లు తీసేసి, ఉప్పుటేరు పూడిక తీసి, చేదుపరిగెలూ గొరకలూ తమంతట తాము పెరిగే పలచటి నీళ్ళను మళ్ళీ తెస్తే గూడబాతుకు అదే విస్తరి. లోతు తక్కువ నీళ్ళలో తిండి ఉంటే అది ఐదడుగుల చెరువులో తల ముంచుకుంటూ తంటాలు పడదు. వడ్డివాళ్ళ మావులకూ పని దొరుకుతుంది.

పక్షులతో కలిసి బతికే ఊళ్ళూ ఉన్నాయి. నేలపట్టులో పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పొలానికి బలమని రైతులు ఎప్పటినుంచో పారించుకుంటున్నారు. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో ఊరి చెరువునే పక్షులకు వదిలారు, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో వాటిని ఊరి చుట్టాల్లా చూస్తారు. అక్కడివాళ్ళకు నష్టం తక్కువ కాబట్టి అలా చూడగలుగుతున్నారని కొల్లేరు రైతు అంటే, ఆ మాట ఒప్పుకోవాలి. కొల్లేరు రైతుకు నీతులు చెప్పి లాభం లేదు, డబ్బు లెక్క చెప్పాలి.

ఆ డబ్బు దగ్గరే అసలు చిక్కు. వలకు సబ్సిడీ ఇవ్వమని అడగొచ్చు, ఆటపాక చుట్టూ నష్టపరిహారం ఇవ్వమనీ అడగొచ్చు. కానీ కాగితం మీద చెరువు ఒకరిది, పెట్టుబడి ఇంకొకరిది, గట్టు మీద రాత్రంతా నిద్రమాని కూర్చునేది మూడోవాడు. పరిహారం పట్టా పేరున వస్తే లీజుదారుకు అందేది సున్నా. ఏ చెరువు అభయారణ్యం లోపల ఉందో, ఏది బయట ఉందో సర్వే చేసి రాళ్ళు పాతి, బయటున్న చెరువుల్లో సాగు చేస్తున్నవాడి పేరు రాసుకుని, వలా పరిహారమూ ఆ పేరునే ఇవ్వాలి. పక్షుల మీద తీర్మానాలు చేసే సంఘాలు ఆ జాబితా కోసం ఒక్కసారైనా తహసీల్దారు ఆఫీసు ముందు కూర్చుంటే, వాళ్ళ బాధ గూడబాతుతోనా, సర్వే రాయితోనా అన్నది తేలుతుంది.